నంబరు వేరు, డేటా వేరు: నాలుగు దేశాల ప్రయాణానికి ఫోను ఎలా సిద్ధం చేసుకోవాలి

పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్‌లో రైలెక్కి మూడు గంటలైంది. బాసెల్ దగ్గర ఫ్రాన్సు సరిహద్దు దాటి స్విట్జర్లాండ్‌లో అడుగుపెట్టామో లేదో, నా ఫోనులో ఇంటర్నెట్ ఆగిపోయింది. మా అమ్మాయి ఫోనూ అంతే. రెండింటిలోనూ పారిస్‌లో కొన్న సిమ్‌లే ఉన్నాయి. ఐరోపా అంతటా పనిచేస్తుందని దుకాణంలో చెప్పిన మాట విని, దేశాల జాబితా చదవకుండానే డబ్బు కట్టేశాను. మేము దిగాల్సిన ఇంటర్‌లాకెన్‌లో రెండు స్టేషన్లున్నాయి: వెస్ట్ ఒకటి, ఓస్ట్ ఒకటి. ఏ స్టేషన్‌లో దిగాలో, తాళంచెవి ఉంచిన పెట్టె తెరవడానికి ఏ అంకెలు నొక్కాలో మేము బస చేయబోయే ఇంటి యజమానురాలు ఆ మధ్యాహ్నమే వాట్సాప్‌లో పంపిస్తానని చెప్పారు.

ఆ పూట మమ్మల్ని ఆదుకున్నది అమ్మ ఫోను. కొత్త సిమ్ పెడితే తికమక పడుతుందని ఆమెకు మాత్రం హైదరాబాదులోనే రోమింగ్ ప్యాక్ (ఇండియా సిమ్‌నే విదేశంలో వాడుకోనిచ్చే ప్యాక్) వేయించాం. ఆమె ఫోను హాట్‌స్పాట్‌తో నా వాట్సాప్ తెరిస్తే సందేశం వచ్చి ఉంది. వెస్ట్‌లో దిగాం.

ఆ ప్రయాణం తరువాత బంధువులూ స్నేహితులూ ఎవరు విదేశాలకు బయలుదేరినా ఈ సంగతి అడుగుతూనే ఉన్నారు. ప్రతిసారీ నేను మొదట చెప్పే మాట ఒకటే. ఫోను గురించి ఆలోచించేటప్పుడు నంబరును, డేటాను విడదీసి చూడండి. ఇండియా నంబరు ఎందుకు కావాలి అన్నది ఒక ప్రశ్న. రోడ్డు మీద ఇంటర్నెట్ ఎక్కడినుంచి తెచ్చుకోవాలి అన్నది మరో ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి ఒకే ప్రశ్నగా చూసినందువల్లే చాలామంది అవసరానికి మించి ఖర్చు పెడతారు, లేదా ఇండియా సిమ్ తీసి పర్సులో పడేసి బ్యాంకు ఓటీపీ కోసం అల్లాడతారు.

ముందుగా నంబరు సంగతి

ఇండియా సిమ్ ఫోనులోంచి తీయకండి. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఇది గుర్తుంటే చాలు. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. హోటల్ బుకింగ్‌కో రైలు టికెట్‌కో డబ్బు కట్టేటప్పుడు ఓటీపీ అడిగితే ఆ సిమ్ బతికి ఉండాలి. యూపీఐ కూడా ఆ సిమ్‌తో ముడిపడి ఉన్నదే. పారిస్‌లో ఐఫిల్ టవర్ టికెట్లకు 2024 నుంచి యూపీఐ తీసుకుంటున్నారు. సింగపూర్, యూఏఈ, నేపాల్, శ్రీలంక, మారిషస్‌లలోనూ కొన్నిచోట్ల నడుస్తుంది. దీనికి తోడు వాట్సాప్ వంటి యాప్‌లు, ఏ సిమ్‌తో నమోదయ్యాయో ఆ సిమ్ ఫోనులో ఉంటేనే పనిచేయాలని భారత టెలికం శాఖ 2025 నవంబరులో ఆదేశాలు జారీ చేసింది. సిమ్ తీసి సూట్‌కేసులో దాచే అలవాటు మానుకోవడానికి ఇది మరో కారణం.

సిమ్ ఉంచితే బిల్లు పేలిపోతుందని భయపడేవారున్నారు. బిల్లు పేలేది డేటా వల్ల, ఎత్తి మాట్లాడిన కాల్స్ వల్ల. రోమింగ్‌లో ఉండగా వచ్చే ఎస్‌ఎంఎస్‌కు మన కంపెనీలు సాధారణంగా డబ్బు తీసుకోవు. కాబట్టి ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేసి, అంతర్జాతీయ రోమింగ్ సేవను మాత్రం తెరిచి ఉంచితే ఓటీపీలు వస్తాయి, ఖర్చు కాదు. ఈ రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి గానీ వేర్వేరు. అంతర్జాతీయ రోమింగ్ అన్నది కంపెనీ వైపు తెరవవలసిన సేవ. దాన్ని బయలుదేరక ముందే యాప్‌లోనో కస్టమర్ కేర్ ద్వారానో తెరిపించుకోవాలి. డేటా రోమింగ్ అన్నది మన ఫోను సెట్టింగ్స్‌లో మనమే నొక్కే మీట. ప్రీపెయిడ్ వాళ్లు తమ మామూలు రీచార్జి గడువు ప్రయాణం మధ్యలో ముగిసిపోకుండా కూడా చూసుకోవాలి. రోమింగ్ సేవ ఉండి, రీచార్జి గడువు దాటిపోయినందువల్ల ఓటీపీ రాని సందర్భాలు నాకు తెలుసు.

ఇక్కడే కార్డు మాట కూడా. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 నుంచి కొత్తగా ఇచ్చే డెబిట్, క్రెడిట్ కార్డులకు విదేశీ వాడకం మూసే ఇస్తారు. మనమే బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి. ఫోను అంతా సరిగ్గా ఉన్నా కార్డు తెరవకపోతే ఈసిమ్ (ముక్క లేకుండా ఫోనులోకే దిగే సిమ్) కూడా కొనలేకపోవచ్చు.

నంబరు ప్రశ్నకు జవాబు అందరికీ ఒకటే కాబట్టి అది ఇక్కడితో అయిపోయింది. డేటాకే అసలైన ఎంపిక.

ఇండియా కంపెనీ రోమింగ్ ప్యాక్

దీనికున్న గొప్ప గుణం, ఏమీ చేయనక్కరలేదు. విమానం దిగి ఫోను తెరిస్తే చాలు, సిగ్నల్ వస్తుంది, ఇంట్లోవాళ్లు ఎప్పటి నంబరుకే ఫోను చేయవచ్చు. దేశం మారినా ఫోనే కొత్త నెట్‌వర్క్ వెతుక్కుంటుంది. మామూలు కాల్స్ కూడా వస్తాయి. అరవై దాటినవారికి, స్మార్ట్‌ఫోనులో వాట్సాప్ తప్ప మరేదీ ముట్టనివారికి ఇంతకు మించిన దారి లేదని నా గట్టి అభిప్రాయం. నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. అమ్మ విషయంలో ఆ డబ్బుకు మాకు దక్కింది నిశ్చింత.

లోపం ధరలోనే. ఒక జీబీకి ఎంత పడుతుందో లెక్క వేస్తే సాధారణంగా ఇదే అన్నింటికంటే ఖరీదైనదిగా తేలుతుంది. ప్యాకుల ధరలు తరచుగా మారుతుంటాయి కాబట్టి అంకెలు రాయడం కంటే చూడవలసిన విషయాలు చెప్పడం మేలు. మొదటిది దేశాల జాబితా. నూటికి పైగా దేశాలు అన్న ప్రకటన చూసి ఆగిపోకుండా, మీ దారిలోని ప్రతి దేశం పేరూ, మధ్యలో విమానం మారే దేశంతో సహా, వెతికి చూడండి. రెండోది రోజు లెక్క. పది రోజుల ప్యాక్ అంటే మీరు దిగిన గంట నుంచి పది ఇరవైనాలుగు గంటలా, లేక అర్ధరాత్రికి ఒక రోజు అయిపోతుందా? అర్ధరాత్రి అయితే ఏ దేశపు అర్ధరాత్రి? పదహారు రోజుల ప్రయాణానికి పది రోజుల ప్యాక్ ఒకటి వేసి, మిగిలిన ఆరు రోజులకు మళ్లీ పది రోజుల ప్యాకే కొనవలసి వస్తే లెక్క తలకిందులవుతుంది. మూడోది, ప్యాక్ ఎప్పుడు మొదలవుతుంది. కొన్నది మొదలా, విదేశీ నెట్‌వర్క్ అందినప్పటి నుంచా? నాలుగోది, విమానంలో, ఓడలో వాడకం. అవి ఉపగ్రహ నెట్‌వర్కులు. చాలా ప్యాక్‌లలో వాటిని కలపరు. గ్రీసు ద్వీపాలకు ఓడలో వెళ్లేవారు తీరం దూరం కాగానే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకోవాలి.

అక్కడే కొనే సిమ్

ఐరోపా విషయంలో దీని కథ వేరు. ఐరోపా యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక చట్టం నడుస్తోంది. ఒక సభ్య దేశపు సిమ్‌ను మరో సభ్య దేశంలో వాడితే రోమింగ్ పేరుతో అదనంగా వసూలు చేయకూడదు. ఈ చట్టాన్ని 2022లో మరో పదేళ్లు, అంటే 2032 దాకా, పొడిగించారు. 27 సభ్య దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టయిన్ కూడా ఇందులో ఉన్నాయి. పారిస్‌లో కొన్న సిమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో, రోములో, వియన్నాలో అలాగే పనిచేయడానికి కారణం ఈ చట్టమే.

మన ఐరోపా ప్రయాణాల్లో తరచుగా వచ్చే దేశాల్లో ఇందులో లేనివి ముఖ్యంగా రెండు. ఒకటి స్విట్జర్లాండ్. రెండోది బ్రిటన్. స్విట్జర్లాండ్ ఎన్నడూ యూనియన్‌లో లేదు, బ్రిటన్ బయటికి వచ్చేసింది. మన పర్యాటకులు పెట్టుకునే ప్రయాణ ప్రణాళికల్లో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ, లండన్ నాలుగూ ఉంటే, సగం దేశాలు ఈ చట్టానికి వెలుపలే ఉన్నాయన్నమాట. షెంజెన్ వీసా స్విట్జర్లాండ్‌కు కూడా చెల్లుతుంది కాబట్టి సిమ్ కూడా చెల్లుతుందనుకోవడం సహజం. నేను పొరబడింది అక్కడే. వీసా కూటమి వేరు, యూనియన్ వేరు. మరో చిక్కు, సరిహద్దు పట్టణాల్లో పక్క దేశపు సిగ్నల్ బలంగా ఉంటే ఫోను దాన్ని పట్టుకుంటుంది. జెనీవా చుట్టుపక్కల ఫ్రాన్సు ఊళ్లలో తిరిగేవారు స్విట్జర్లాండ్‌లో అడుగుపెట్టకుండానే అక్కడి నెట్‌వర్క్‌లోకి వెళ్లిపోగలరు. అలాంటిచోట సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను చేతితో ఎంచుకోవడం మంచిది.

పర్యాటకులకోసమని అమ్మే కొన్ని సిమ్‌లలో ఈ రెండు దేశాలనూ కలిపి ఇస్తారు. కాబట్టి దుకాణంలో అడగవలసిన ప్రశ్న "ఐరోపాలో పనిచేస్తుందా?" కాదు. "స్విట్జర్లాండ్‌లో పనిచేస్తుందా, బ్రిటన్‌లో పనిచేస్తుందా, అక్కడ ఎన్ని జీబీలు?" అని పేర్లు పెట్టి అడగాలి. ప్యాకెట్ మీద చూపించమనాలి. ఇంట్లో వాడుకునే డేటా మొత్తం రోమింగ్‌లో ఇవ్వకుండా, న్యాయమైన వాడకం పేరుతో పరిమితి పెట్టే హక్కు చట్టమే కంపెనీలకు ఇచ్చింది. నూరు జీబీల సిమ్ అని కొన్నది సరిహద్దు దాటితే ఇరవై జీబీలే కావచ్చు.

సిమ్ కొనడం ఎంత సులువన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో ప్రీపెయిడ్ సిమ్‌కు గుర్తింపు పత్రమే అడగరు, సూపర్‌మార్కెట్‌లో కూరగాయలతో పాటు కొనుక్కోవచ్చు. జర్మనీలో 2017 నుంచి గుర్తింపు తనిఖీ తప్పనిసరి. అది పూర్తయ్యేదాకా సిమ్ మేలుకోదు. థాయ్‌లాండ్, సింగపూర్ విమానాశ్రయాల్లో పాస్‌పోర్టు చూపిస్తే దుకాణంలోవాళ్లే సిమ్ పెట్టి, పనిచేస్తోందని చూపించి మరీ ఇస్తారు. ఏ దేశంలోనైనా దుకాణం వదిలి రాకముందే వైఫై ఆపి ఒక పేజీ తెరిచి చూసుకోండి. హోటల్‌కు వెళ్లాక చూద్దామనుకుంటే, సమస్య వచ్చినప్పుడు మళ్లీ విమానాశ్రయానికి వెళ్లలేరు.

ఒకే దేశంలో రెండు వారాలకు పైగా ఉండేవారికి, అక్కడి నంబరు అవసరమైనవారికి స్థానిక సిమ్‌ను మించింది లేదు. చదువుకు వెళ్లే పిల్లలకు అది ఎలాగూ తప్పదు. మూడు రోజులకొక దేశం మారేవారికి మాత్రం, ఐరోపా యూనియన్ వెలుపల, ఇది కాలం తినేసే పని. బ్యాంకాక్‌లో ఒకటి, కౌలాలంపూర్‌లో ఒకటి, సింగపూర్‌లో ఒకటి కొంటే డబ్బు తక్కువే అవుతుంది గానీ మూడు వరుసల్లో నిలబడాలి. ఆ బుల్లి సిమ్ పళ్లెం బయటికి తీసే సూది కూడా వెంట ఉండాలి.

ఈసిమ్

ఇప్పుడు నేను నా కోసం ఎంచుకునేది ఇదే. సిమ్ ముక్క ఉండదు, ఫోనులోనే ఒక చిప్పు ఉంటుంది, దానిలోకి సిమ్ వివరాలు దిగుతాయి. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌లో ఖరీదైన ఫోన్లలో మామూలైపోయింది, చవక ఫోన్లలో చాలావాటికి లేదు. మీ ఫోనుకు ఉందో లేదో తెలుసుకోవడానికి డయల్ ప్యాడ్‌లో *#06# నొక్కండి. ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అన్న పొడవాటి అంకె కనిపిస్తే ఉన్నట్టు.

కొన్ని సంస్థలు ఇండియాలో కూర్చునే కొనుక్కునే ఈసిమ్‌లు అమ్ముతున్నాయి. ఒక దేశానికి ఒకటి, ఒక ప్రాంతానికి ఒకటి, ప్రపంచమంతటికీ ఒకటి అని మూడు రకాలుంటాయి. ఐరోపా ప్రాంతపు ఈసిమ్‌లలో చాలావాటిలో స్విట్జర్లాండ్, బ్రిటన్ కూడా చేరి ఉంటాయి. చట్టంతో నిమిత్తం లేకుండా ఆ సంస్థలు ఒక్కో దేశపు నెట్‌వర్క్‌తో ఒప్పందం చేసుకుంటాయి కాబట్టి అది సాధ్యమవుతోంది. బాసెల్ స్టేషన్‌లో నాకు ఇది ఉండి ఉంటే ఈ వ్యాసం ఇలా మొదలయ్యేది కాదు.

ఇండియా సిమ్ దాని చోట అది ఉంటుంది, ఓటీపీలు తీసుకుంటుంది. ఈసిమ్ డేటా ఇస్తుంది. నంబరు వేరు, డేటా వేరు అన్న లెక్కకు ఇంతకంటే అతికినట్టు సరిపోయేది మరొకటి లేదు.

దీనికీ లోపాలున్నాయి, అవి చిన్నవి కావు. ప్రయాణికులకు అమ్మే ఈసిమ్‌లు చాలావరకు డేటాకే, వాటికి ఫోను నంబరు ఉండదు. హోటల్‌కు మామూలు ఫోను చేయాలంటే వాట్సాప్‌లో వాళ్లుండాలి, లేదా ఇండియా సిమ్ నుంచి ఖరీదైన కాల్ చేయాలి. పరిమితి లేని డేటా అని అమ్మేవాటిలో చాలావాటికి రోజుకు ఇంత అని ఒక గీత ఉంటుంది, అది దాటితే వేగం పడిపోతుంది. కొన్నింటిలో హాట్‌స్పాట్ పెట్టనివ్వరు. నలుగురికి ఒకే ఫోను నుంచి ఇంటర్నెట్ పంచుదామనుకునే కుటుంబం ఈ ఒక్క వాక్యం చదవకపోతే డబ్బంతా వృథా. ఈసిమ్ పనిచేయకపోతే అడగడానికి దుకాణమంటూ ఉండదు, చాట్‌లోనే మాట్లాడాలి, దానికి మళ్లీ ఇంటర్నెట్ కావాలి.

అందుకే ఈసిమ్‌ను ఇంట్లో వైఫై మీదే, బయలుదేరే ముందురోజు, ఫోనులో దింపుకోవాలి. కొన్నాక సంస్థ పంపే క్యూఆర్ కోడ్ మీ ఫోనులోనే ఉంటే అదే ఫోను కెమెరాతో దాన్ని చూపలేరు కాబట్టి మరో ఫోనుకు పంపి తెరవండి, లేదా ఆ సంస్థ యాప్ నుంచే నేరుగా దింపండి. గడువు దింపిన రోజు నుంచి మొదలవుతుందా, విదేశంలో మొదటిసారి సిగ్నల్ పట్టినప్పటి నుంచా అన్నది కొనేటప్పుడే చూడండి. ఒకసారి దింపినదాన్ని పొరబాటున తీసేస్తే చాలా సందర్భాల్లో అదే కోడ్ రెండోసారి పనిచేయదు.

దిగిన తరువాత ఎక్కువమంది ఆగిపోయేది ఒకేచోట. ఈసిమ్‌కు సిగ్నల్ గీతలు కనిపిస్తాయి, ఇంటర్నెట్ రాదు. కారణం, డేటా రోమింగ్ ప్రమాదమని విని రెండు సిమ్‌లకూ ఆపేసి ఉంటారు. ప్రయాణపు ఈసిమ్ చాలావరకు మరో దేశపు కంపెనీది, మీరున్న దేశంలో అది కూడా రోమింగ్‌లోనే ఉంటుంది. కాబట్టి ఈసిమ్‌కు డేటా రోమింగ్ తెరవాలి, ఇండియా సిమ్‌కు మూయాలి. మొబైల్ డేటాకు ఈసిమ్‌ను ఎంచుకోవాలి. ఒక సిమ్‌లో సిగ్నల్ లేనప్పుడు రెండోదాని డేటా వాడుకోనివ్వాలా అని అడిగే మీట ఒకటుంటుంది, దాన్ని తప్పకుండా ఆపాలి. ఆల్ప్స్ సొరంగాల్లో ఈసిమ్ సిగ్నల్ పోయిన రెండు నిమిషాల్లో ఫోను చప్పుడు లేకుండా ఇండియా సిమ్ డేటా మొదలుపెట్టే అవకాశం అక్కడే ఉంది. వాట్సాప్ నంబరు మార్చుకుంటారా అని అడిగితే వద్దనండి. పాత నంబరుతోనే అది నడుస్తుంది.

అమెరికా నుంచి వచ్చిన ఫోన్లు

మన ఇళ్లలో ఇది తరచుగా కనిపించేది కాబట్టి విడిగా చెబుతున్నాను. కొడుకో మేనల్లుడో అమెరికా నుంచి తెచ్చిన ఐఫోను అమ్మానాన్నల చేతిలో ఉంటుంది. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే అరే లేదు. అంటే పారిస్‌లో దుకాణంలో అమ్మే సిమ్ ముక్క దానిలో పెట్టలేరు. ఇండియా నంబరు కూడా అందులో ఈసిమ్‌గానే ఉండాలి. రెండో చిక్కు, వాయిదాల మీద కొన్న ఫోనైతే అమెరికా కంపెనీ దానికి తాళం వేసి ఉండవచ్చు. అలాంటి ఫోనులో వేరే కంపెనీ సిమ్ గానీ ఈసిమ్ గానీ పనిచేయదు. ఐఫోనులో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ దగ్గర చూస్తే తాళం ఉందో లేదో తెలుస్తుంది.

ఇండియా సిమ్‌ను ఈసిమ్‌గా మార్చుకోవాలనుకుంటే కనీసం వారం ముందే మార్చుకోండి. సిమ్ మార్చిన తరువాత మొదటి 24 గంటలు ఎస్‌ఎంఎస్‌లు ఆపి ఉంచే భద్రతా నిబంధన మన దేశంలో ఉంది. శంషాబాద్‌కు బయలుదేరే రోజు ఈ పని పెట్టుకుంటే దిగిన ఊరిలో ఓటీపీ రాదు.

చాలా పాత మీటల ఫోనుతో వెళ్దామనుకునేవారికి కూడా ఒక మాట. పాత నెట్‌వర్కులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. సింగపూర్‌లో 2జీ 2017లోనే ఆగింది. అమెరికాలో 2022లో, ఆస్ట్రేలియాలో 2024లో 3జీ ఆగింది. 4జీ మీద మాట్లాడే సౌకర్యం లేని ఫోను అక్కడ బొమ్మతో సమానం.

వైఫై, అద్దె రౌటర్

వైఫైతోనే గడిపేస్తామనేవారు డబ్బు మిగుల్చుకుంటారు, హోటల్‌లో, కాఫీ దుకాణంలో ఇంటర్నెట్ దొరుకుతుంది. అయితే ఇంటర్నెట్ కావలసింది గదిలో కూర్చున్నప్పుడు కాదు, ప్లాట్‌ఫారం మారిందని తెలియక మెట్ల దగ్గర నిలబడినప్పుడు. గూగుల్ మ్యాప్స్‌లో ఊరి పటం ముందే దింపుకోవచ్చు, మీరున్న చోటును చూపే నీలి చుక్క డేటా లేకపోయినా కదులుతుంది. కానీ అలా దింపుకున్న పటం కారు దారినే చూపిస్తుంది. రైలు, బస్సు వేళలు, నడక దారి డేటా లేకుండా చెప్పదు. పర్యాటకులకు కావలసినవి సరిగ్గా అవే. అందుచేత వైఫై ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు, ఇతర ఏర్పాటుకు తోడుగా వాడుకోవడం మాత్రం తెలివైన పని.

జేబులో పట్టే వైఫై రౌటర్ అద్దెకు తీసుకోవడం జపాన్‌లో బాగా వాడుకలో ఉంది. అందరూ ఎప్పుడూ కలిసే తిరిగితే చవక. మా ఇంట్లో అది సాగదు. అమ్మాయి లూవ్ర్ మ్యూజియంలో ఉండిపోతానంటే, అమ్మ కాళ్లు నొప్పులని బయట బల్ల మీద కూర్చుంటే, రౌటర్ ఎవరి సంచిలో ఉండాలి?

ఎవరికి ఏది

డేటా ఎంత కావాలో తెలిస్తే ఎంపిక సగం అయిపోతుంది. మేము నలుగురం పదహారు రోజులు తిరిగాం. పటాలు, సందేశాలు, టికెట్లు చూసుకోవడానికి నాకు ఏడు జీబీలు అయ్యాయి. రోజూ వీడియోలు పెట్టిన అమ్మాయికి పద్నాలుగు. అమ్మకు రెండు కూడా పూర్తి కాలేదు, ఆమె రోజూ రాత్రి గదిలో వైఫై మీదే మా చెల్లెలితో మాట్లాడేది. మాట మాత్రమే వినిపించే వాట్సాప్ కాల్ గంటకు కొన్ని పదుల ఎంబీలే తీసుకుంటుంది. వీడియో కాల్ దానికి ఎన్నో రెట్లు. ఫోటోలు వాటంతట అవే క్లౌడ్‌లోకి ఎక్కడం, యాప్‌లు కొత్తవి దింపుకోవడం వైఫై మీదే జరిగేలా పెట్టుకుంటే పది జీబీలు రెండు వారాలకు ఒక మనిషికి ధారాళంగా సరిపోతాయి.

టూర్ కంపెనీతో బస్సులో వెళ్లే పెద్దవాళ్లకు ఇండియా రోమింగ్ ప్యాక్, అందులోనూ చిన్నది. పటం చూసే పని గైడుది, బస్సులో వైఫై ఉండవచ్చు, వాళ్లకు కావలసింది ఇంటి నుంచి వచ్చే ఫోను. స్వయంగా తిరిగే దంపతులకు ఒక్కొక్కరికి ఒక ప్రాంతీయ ఈసిమ్. కుటుంబంతో వెళ్లేవారు అందరికీ ఒకే ఏర్పాటు చేయకండి. ఇద్దరికి ఈసిమ్, ఒకరికి ఇండియా ప్యాక్ అన్న పద్ధతి పెట్టుకుంటే, ఒక నెట్‌వర్క్ చేయిచ్చినా మరొకటి నిలుస్తుంది. బాసెల్‌లో మేము ఎవరూ ఆలోచించకుండానే ఆ పద్ధతిలో ఉన్నాం. ఇప్పుడు ఆలోచించే అలా చేస్తున్నాం.

ఐరోపా యూనియన్ దేశాల్లోనే మూడు నాలుగు వారాలు తిరిగే విద్యార్థులకు, ఈసిమ్ లేని ఫోనుకు, మొదటి దేశంలో కొన్న స్థానిక సిమ్ మంచిది. థాయ్‌లాండ్, మలేషియా, సింగపూర్ దారిలో ఐరోపా వంటి చట్టం లేదు కాబట్టి ఆసియా ప్రాంతపు ఈసిమ్ లేదా మూడు దేశాలనూ కలిపి ఇచ్చే పర్యాటక సిమ్ చూడండి.

దుబాయ్ మీదుగా వెళ్తూ నాలుగైదు గంటలు ఆగేవారికి ఆ దేశానికని ఏదీ కొననక్కరలేదు, విమానాశ్రయపు ఉచిత వైఫై చాలు. అయితే యూఏఈ నెట్‌వర్కుల మీద వాట్సాప్ సందేశాలు వెళ్తాయి గానీ కాల్స్ కలవవు. దిగగానే ఫోను చేస్తామని ఇంట్లో చెప్పి వెళ్లకండి. పాపం, అవతల ఎదురుచూస్తూ కూర్చుంటారు. సందేశం పెడతామని చెప్పండి.

చైనా కలిసే ప్రయాణమైతే నా సలహా తలకిందులవుతుంది. స్థానిక సిమ్ చవకే, కానీ దాని మీద వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ తెరుచుకోవు. ఇండియా రోమింగ్ గానీ ప్రయాణపు ఈసిమ్ గానీ వాడితే మన డేటా బయటి దేశపు కంపెనీ ద్వారా వెళ్తుంది కాబట్టి అవి సాధారణంగా పనిచేస్తాయి. అక్కడ ఇండియా ప్యాక్ ఖరీదు ఖరీదే కాదు.

అమెరికాలో ఉండే మనవాళ్లు ఇండియాకు వస్తూ లండన్‌లోనో ఇస్తాంబుల్‌లోనో రెండు రోజులు ఆగుతుంటారు. అమెరికా పోస్ట్‌పెయిడ్ ప్లాన్లలో కొన్నింటికి విదేశాల్లో నెమ్మదైన డేటా ఉచితంగా ఉంటుంది. సందేశాలకు, పటానికి అది చాలు. కొత్తది కొనే ముందు ఉన్న ప్లాన్‌లో ఏముందో చూసుకోండి.

ఏ ఏర్పాటు చేసుకున్నా, చివరి రాత్రి ఇంట్లో కూర్చుని చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. హోటళ్ల చిరునామాలు, రైలు టికెట్లు, పాస్‌పోర్టు నకలు ఫోనులో ఇంటర్నెట్ లేకుండా తెరుచుకునేలా దాచుకోండి, క్యూఆర్ టికెట్లకు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఐరోపా అంతటా అత్యవసర నంబరు 112, స్విట్జర్లాండ్, బ్రిటన్‌లలో కూడా. మీ కంపెనీకి అక్కడ సిగ్నల్ లేకపోయినా అందుబాటులో ఉన్న వేరే నెట్‌వర్క్ ద్వారా ఆ కాల్ వెళ్తుంది.

అమ్మకు మాత్రం ఇవన్నీ ఫోనులో పెట్టినా, హోటల్ పేరు, చిరునామా, నా నంబరు దేశపు కోడ్ +91తో సహా, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆమె చేతిసంచి లోపలి అరలో పెట్టాను. వెనిస్‌లో రియాల్టో వంతెన దగ్గర జనంలో మమ్మల్ని వదిలిపోయిన పది నిమిషాల్లో ఆమె ఫోను చార్జింగ్ అయిపోయి ఉంది. ఆ కాగితం చూపిస్తే, పక్కనే పండ్లు అమ్మే ఆవిడ తన ఫోను నుంచి నాకు కాల్ చేసింది. తెలియని నంబరని చూసి మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాను.